రౌటర్ ఆపే ముందు



ఇంట్లో నెట్ ఆగిందంటే అందరి చెయ్యీ ముందు రౌటర్ స్విచ్చి మీదికే పోతుంది. ఆపడం, అరనిమిషం ఆగడం, మళ్లీ వేయడం. చాలాసార్లు నెట్ వచ్చేస్తుంది కూడా. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే వాళ్లు చెప్పే మొదటి మాటా అదే. ఆ సలహాను నేను తీసిపారేయను. రౌటర్ కూడా కంప్యూటరే, కాకపోతే చిన్నది. నెలల తరబడి రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. ఇంట్లో ఏ ఫోన్ ఏ వెబ్‌సైటుతో మాట్లాడుతోందో ఆ లెక్కంతా తనకున్న కొద్దిపాటి మెమరీలో రాసుకుంటూ పోతుంది. ఆపి వేస్తే ఆ లెక్క చెరిగిపోతుంది, కంపెనీ దగ్గర కొత్తగా లాగిన్ అవుతుంది, గాలిలో ఏ ఛానెల్ ఖాళీగా ఉందో మళ్లీ వెతుక్కుంటుంది. అందుకే పనవుతుంది.

చిక్కల్లా ఏమిటంటే, అలా ఆపి వేసినప్పుడు ఏది చెడిందో చెప్పే ఆనవాళ్లు కూడా పోతాయి. మర్నాడు సాయంత్రం మళ్లీ ఆగుతుంది, మళ్లీ ఆపి వేస్తాం. ఇలా ఏడాది పొడుగునా నెట్టుకొచ్చే ఇళ్లు నాకు తెలుసు. స్విచ్చి దగ్గరికి వెళ్లేది ఒక మనిషి, లోపల గదిలోంచి ‘వచ్చిందా, వచ్చిందా’ అని అరిచేది ఇంకో మనిషి. ఇవాళ నేను చెప్పబోయేదల్లా స్విచ్చి మీద చెయ్యి వేసే ముందు ఏం చూడాలి, ఎవర్ని ఏం అడగాలి అన్నదే.

ముందు అడగాల్సింది ఇంట్లోవాళ్లనే. అందరికీ పోయిందా, ఒక్కరికేనా? నలుగురు పంచుకునే కనెక్షన్‌లో కీచులాటలు ఎక్కువే గానీ, దాంట్లో ఒక సుఖం కూడా ఉంది. సాక్షులు ఎక్కువ. అమ్మ ఫోన్‌లో యూట్యూబ్ ఆడుతోంది, హాల్లో టీవీ ఆడుతోంది, అబ్బాయి లాప్‌టాప్‌లో మాత్రం రావట్లేదంటే లోపం లాప్‌టాప్‌లో ఉంది. కంపెనీకి ఫోన్ చేసి లాభం లేదు. అందరికీ ఒకేసారి పోయిందంటే రౌటర్ డబ్బా దగ్గరికో, బయటి లైను దగ్గరికో వెళ్లాలి. వెనక గదిలో ఎవరు కూర్చున్నా రావట్లేదు, హాల్లో ఎవరు కూర్చున్నా వస్తోందంటే మధ్యలో గోడల సంగతి చూసుకోవాలి. పగలంతా బాగుండి సాయంత్రం ఏడు దాటాక మొదలవుతోందంటే ఆ వేళకు ఇంట్లో ఏం మారుతోందో కనిపెట్టాలి. ఈ ప్రశ్నలకు కంప్యూటర్ చదువు అక్కర్లేదు.

ఇంకో ప్రశ్న ఉంది, అడిగితే కోప్పడతారు. రీచార్జి అయిపోయిందా? నవ్వకండి. మన ఊళ్లలో చాలా ఇళ్లకు కనెక్షన్ తీసుకున్నది కొడుకో కూతురో అయి ఉంటారు. వాళ్లు ఇప్పుడు డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉంటారు. గడువు దగ్గర పడిందన్న మెసేజ్ వాళ్ల పాత ఇండియా నంబరుకు పోతుంది. ఆ సిమ్ము ఏ సొరుగులోనో ఉంటుంది. ఇక్కడ అమ్మానాన్నలు డబ్బా పాడైందనుకుని రెండు రోజులు వీడియో కాల్ లేకుండా గడుపుతారు. కనెక్షన్ తాలూకు నంబరు ఇంట్లో ఉండేవాళ్లదిగా మార్పించుకోండి, సగం బాధ తప్పుతుంది. అలాగే కొన్ని ప్లాన్లలో నెలకు ఇంత డేటా అని హద్దు ఉంటుంది. అది దాటితే నెట్ పోదు, నత్తనడక నడుస్తుంది. నెలాఖరున మాత్రమే స్పీడు పడిపోయే ఇంట్లో ముందు ఆ లెక్క చూసుకోవాలి.

ఇక డబ్బా దగ్గరికి వద్దాం. ఇప్పుడు పట్టణాల్లోనే కాదు, చాలా పల్లెల్లోనూ ఇంటికి వచ్చేది ఫైబర్. వెంట్రుక మందాన గాజు పోగు, దాంట్లో వెలుతురు. కంపెనీ కేంద్రం నుంచి బయల్దేరిన ఒక పోగును దారిలో స్ప్లిట్టర్ అనే చిన్న పెట్టెతో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. ఆ పెట్టెకు కరెంటు అక్కర్లేదు, వెలుతురును పంచడమే దాని పని. ఆ వెలుతురు మన ఇంటి డబ్బాలోకి వచ్చి డేటాగా మారుతుంది. డబ్బా ముందు భాగాన వరసగా దీపాలుంటాయి. మనలో చాలామంది వాటిని నిద్రలో కళ్లకు కొడుతున్నాయని గుడ్డ కప్పేస్తారు. ఆ గుడ్డ తీసి చూడండి.

వాటిలో ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే వెలుతురు మన ఇంటిదాకా రావట్లేదన్నమాట. డబ్బాను పదిసార్లు ఆపి వేసినా ఒరిగేదేమీ లేదు. పీఓఎన్ అని రాసి ఉన్నది పచ్చగా, నిలకడగా వెలగాలి. అది ఆగకుండా ఆరి వెలుగుతోందంటే వెలుతురు వస్తోంది గానీ కంపెనీ కేంద్రం మన డబ్బాను ఇంకా గుర్తుపట్టలేదని అర్థం. ఈ రెండూ సరిగ్గా ఉండి ఇంటర్నెట్ అన్న దీపం మాత్రం ఆరిపోయినా, ఎర్రబడినా, లాగిన్ కుదరలేదన్నమాట. అప్పుడు బిల్లు సంగతో, యూజర్ నేమ్ సంగతో చూడాలి. అన్ని దీపాలూ చక్కగా ఉన్నాయి, అయినా నెట్ లేదంటారా? అప్పుడు లోపం చాలామటుకు మన గుమ్మం లోపలే ఉంటుంది. దీపాల అమరిక కంపెనీకి ఒక తీరుగా ఉంటుంది కాబట్టి, అంతా బాగున్న రోజున మీ డబ్బాను ఒక ఫోటో తీసి ఉంచుకోండి. చెడ్డ రోజున పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే దొరుకుతుంది.

ఎర్ర దీపం వెలిగినప్పుడు ఇంట్లో చూడదగ్గది ఒకటుంది. డబ్బాలోకి వెళ్లే సన్నని తీగ. గాజు పోగును గట్టిగా మడిస్తే వెలుతురు ఆ మలుపు దగ్గర బయటికి జారిపోతుంది. పండగకు ఇల్లు సర్దుతూ టీవీ స్టాండును గోడకు నెట్టేశారనుకోండి, తీగ వెనకాల నలిగిపోతుంది. దాన్ని వదులుగా, గుండ్రంగా చుట్టి ఉంచాలి. చివర ఉండే ఆకుపచ్చ మూతిని ఊడదీసి ఊదడాలు, చీరకొంగుతో తుడవడాలు వద్దు. దాని కొనను ఏటవాలుగా అరగదీసి ఉంటారు, దుమ్ము రేణువు పడినా వెలుతురు తగ్గుతుంది. ఆ కొనలోకి కన్ను పెట్టి అస్సలు చూడకండి. అందులో వచ్చేది మన కంటికి కనపడని లేజర్. కనపడదు కదా అని ప్రమాదం లేదనుకోకూడదు.

ఇంటి బయట తెగిందంటే మన చేతుల్లో లేదు. మన దగ్గర ఫైబర్ చాలామటుకు కరెంటు స్తంభాల మీదుగానే నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫైబర్‌నెట్ వేసినప్పుడు కూడా ఆ స్తంభాలనే వాడుకుంది. నేల తవ్వాల్సిన పని తప్పింది, పని త్వరగా జరిగింది. దానికి మూల్యం ఏమిటంటే కోతులు వేలాడినా, ఎత్తు లోడు లారీ తగిలినా, వానాకాలానికి ముందు కరెంటు వాళ్లు కొమ్మలు కొట్టినా వీధి మొత్తానికీ నెట్ పోతుంది. 2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో ఊరేగింపు రథానికి కరెంటు తగిలి మనుషులు చనిపోయాక, స్తంభాల మీద వేలాడే కేబుళ్లను నగరంలో పెద్దయెత్తున కత్తిరించారు. ఎన్నో ఇళ్లలో రౌటర్లలో ఎర్ర దీపాలు వెలిగాయి. అలాంటి రోజున డబ్బాతో కుస్తీ పట్టడం కంటే పక్కింటివాళ్లను ‘మీకూ పోయిందా’ అని అడగడం తెలివైన పని. వాళ్లదీ అదే కంపెనీ అయ్యి, వాళ్లకూ పోయిందంటే లైను తెగినట్టే.

కరెంటు గురించి ఒక మాట. చాలా డబ్బాలు 12 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తాయి. ఆ అడాప్టర్ పాడైతే సెట్‌టాప్ బాక్స్ అడాప్టర్ తెచ్చి తగిలించే అలవాటు మనకుంది. పిన్ను సరిపోయినంత మాత్రాన సరిపోదు. మీద రాసిన వోల్టులు ఒకటే అయి ఉండాలి, ఆంపియర్లు తక్కువ కాకూడదు. ముసలైపోయిన అడాప్టర్ చచ్చిపోదు, సతాయిస్తుంది. దీపాలు వెలుగుతూనే ఉంటాయి, నలుగురు ఒకేసారి వాడగానే డబ్బా దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంది. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరి వెలగడం మీ కంట పడిందంటే అనుమానం అడాప్టర్ మీద పెట్టుకోండి. కరెంటు కోతలున్న ఊళ్లో రౌటర్‌కు సరిపడా చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఇల్లంతా చీకటైనా నెట్ నడిచే వీలుంది. ఎందుకంటే దారిలో ఉన్న స్ప్లిట్టర్‌కు కరెంటుతో పనిలేదని ఇందాకే చెప్పుకున్నాం. అవతల కంపెనీ కేంద్రంలో బ్యాటరీలు బాగుంటే చాలు.

దీపాలన్నీ బాగున్నా స్పీడు రావట్లేదన్న ఫిర్యాదుకు వద్దాం. ఇక్కడ ఒకే ఒక్క పరీక్ష చాలా తగవులు తీరుస్తుంది. లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో నేరుగా డబ్బాకు కలపండి, మిగతా అందరి వైఫై కాసేపు ఆపించండి, అప్పుడు స్పీడ్ టెస్ట్ చేయండి. వైరు మీద బాగా వచ్చి గాల్లో రాకపోతే వైఫై గొడవ. వైరు మీదా రాకపోతే అప్పుడు కంపెనీని అడగొచ్చు. ఈ పరీక్ష చేయకుండా కంపెనీతో వాదనకు దిగితే వాళ్లు ముందు చెప్పేది ‘సార్, మీ ఇంట్లో వైఫై సరిగా లేదేమో’ అని. వాళ్లు అన్నది నిజమో కాదో మనకూ తెలీదు, వాళ్లకూ తెలీదు.

పరీక్షలో వచ్చిన అంకె చదవడంలో ఒక మెలిక ఉంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 100 మెగాబిట్లు. ఫైలు డౌన్‌లోడ్ అయ్యేటప్పుడు తెరమీద కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 100 ప్లాన్‌లో గరిష్ఠంగా కనిపించేది పన్నెండున్నర. అది చూసి మోసం అని కేకలేసినవాళ్లున్నారు. ఇంకో సంగతి. మీది 300 ప్లాను, వైరు మీద ఎన్నిసార్లు చూసినా 94, 95 దగ్గరే ఆగిపోతోందంటే కంపెనీని తిట్టకండి, ఆ కేబుల్ మార్చండి. లాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. ఏదో ఒకటి తెగినా, నాలుగు తీగలే కలిపిన చవక కేబుల్ అయినా, లింకు వెయ్యి మెగాబిట్ల నుంచి వందకు దిగిపోతుంది. ఆ వందలో చిల్లర ఖర్చులు పోగా మిగిలేదే ఆ 94. కొన్ని పాత డబ్బాల్లో పోర్టే వంద దగ్గర ఆగుతుంది, వాటికి మందు లేదు.

ఇప్పుడు గాలి సంగతి. రేడియోలో కూర్చుని వైఫై గురించి మాట్లాడడంలో ఒక వీలుంది. మీ రౌటర్ కూడా రేడియో కేంద్రమే. ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్ అని పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ తరంగం పొడవు దాదాపు నాలుగు వందల మీటర్లు, ఇళ్లూ గోడలూ దానికి లెక్క కాదు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ అయితే ఆరు సెంటీమీటర్లే. తరంగం పొట్టిదయ్యేకొద్దీ గోడ దాటడం కష్టం. అందుకే 5 గిగాహెర్ట్జ్ అదే గదిలో దూసుకుపోతుంది, రెండు గోడల అవతల నీరసిస్తుంది. 2.4 నెమ్మదే గానీ వెనక గదిదాకా వెళ్తుంది.

అయితే 2.4 లో రద్దీ ఎక్కువ. మన దేశంలో 2005లో ఆ బ్యాండును లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద వెసులుబాటు వచ్చింది 2018లో. లైసెన్సు అక్కర్లేదంటే అందరూ వస్తారు కదా. బ్లూటూత్ అక్కడే, మైక్రోవేవ్ ఓవెన్ అక్కడే, అపార్ట్‌మెంట్‌లో పైనా కిందా పక్కనా ఉన్న ఇళ్ల రౌటర్లూ అక్కడే. కంప్యూటర్‌కు తగిలించిన కొన్ని యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కుల నుంచి వచ్చే రొద కూడా ఆ బ్యాండులోనే పడుతుంది. అలాంటి హార్డ్ డిస్కు రౌటర్‌ను ఆనుకుని ఉంటే కాస్త ఎడంగా జరపండి. 2.4 లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్లు మూడే, ఒకటీ ఆరూ పదకొండూ. ఫోన్‌లో ఉచితంగా దొరికే వైఫై ఎనలైజర్ యాప్ వేసుకుంటే చుట్టుపక్కల ఎవరు ఏ ఛానెల్ మీదున్నారో కనబడుతుంది. రౌటర్‌ను ఆ మూడింటిలో తక్కువ గుంపు ఉన్నదాని మీదికి మార్చండి. మూడో నాలుగో ఛానెల్ ఖాళీగా ఉంది కదా అని అక్కడికి మారితే రెండు వైపుల వాళ్లూ మీ మీద పడతారు.

‘సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయండీ, అయినా కదలదు’ అని చాలామంది అంటుంటారు. ఆకాశవాణి మాట్లాడుతుంది, మీ రేడియో వింటుంది, అంతే. వైఫై అలా కాదు, రెండువైపులా మాట్లాడాలి. రౌటర్ గొంతు పెద్దది, మీ ఫోన్ దాకా వస్తుంది. ఆ గీతలు చెప్పేది అదే. ఫోన్ గొంతు చిన్నది, అది రౌటర్ దాకా పోకపోతే పని జరగదు. పైగా ఒక ఛానెల్ మీద ఒకసారికి ఒకరే మాట్లాడాలి. దూరాన మేడ మీద కూర్చున్న ఫోన్ ఒక్కో మాటా సాగదీస్తూ, రెండేసిసార్లు చెబుతూ ఉంటే, దగ్గరున్నవాళ్ల వంతు కూడా ఆలస్యమవుతుంది. ఒకరి బాధ అందరి బాధవుతుంది.

మరి రౌటర్ ఎక్కడ పెట్టాలి? మన ఇళ్లలో అది ఉండే చోట్లు చూస్తే నవ్వొస్తుంది. టీవీ వెనక, ఇనప బీరువా మీద, అటక మీద అట్టపెట్టెల మధ్య, మెట్ల కింద మీటర్ల పక్కన. వైరు వచ్చిన రంధ్రం దగ్గరే డబ్బా ఉండాలని లైన్‌మన్ అనుకుంటాడు, కనపడకూడదని ఇంటావిడ అనుకుంటుంది. ఇనుము, అద్దం, నీళ్లు వైఫైకి శత్రువులు. బీరువా, నిలువుటద్దం, చేపల తొట్టి, నీళ్ల ట్యాంకు, ఇనప ఊచలతో పోసిన స్లాబు. స్లాబు మరీ కష్టం, పై అంతస్తుకు ఒక్క రౌటర్‌తో సరిపెట్టడం అత్యాశ. ఇంటి మధ్యలో, మనిషి ఎత్తున, తెరిచి ఉన్న చోట పెడితే చాలు. ఐదువందలు పెట్టి ఇంకో పది మీటర్ల తీగ లాగించుకోవడం, ఐదువేలు పెట్టి కొత్త రౌటర్ కొనడం కన్నా నయం. నా మాట అడిగితే కొనే వస్తువులన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే.

సాయంత్రం ఏడు తర్వాత వీడియో కాల్ ముక్కలు ముక్కలైపోవడం గురించి. అందరూ డౌన్‌లోడ్ స్పీడు చూస్తారు, అప్‌లోడ్ వైపు చూడరు. అమ్మాయి పెళ్లి ఫోటోలు ఫోన్ నుంచి క్లౌడ్‌లోకి ఎక్కుతుంటాయి, గేటు మీది సీసీ కెమెరా రోజంతా వీడియో పంపుతుంటుంది. ఇవన్నీ బయటికి వెళ్లేవే. రేషన్ షాపు వరసలో ఒకాయన పది కార్డులు పట్టుకుని ముందు నిలబడితే, అరలీటరు నూనె కోసం వచ్చినవాడు కూడా ఆయన వెనకే నిలబడాలి. వీడియో కాల్‌లో మన మాట ఆ అరలీటరు లాంటిది. చిన్నదే, కానీ ఆలస్యమైతే పనికిరాదు. ఫోటోల బ్యాకప్‌ను రాత్రి ఛార్జింగ్ వేళకు మార్చండి. కెమెరా నాణ్యత ఒక మెట్టు తగ్గించండి. మీ రౌటర్‌లో క్యూఓఎస్ అనే ఏర్పాటు ఉంటే అప్‌లోడ్‌కు మొత్తం స్పీడు కంటే కొంచెం తక్కువగా హద్దు పెట్టండి, వరస పేరుకోదు. ప్లాను పెంచుకోవడం కంటే ఇది చాలా ఇళ్లలో ఎక్కువ గుణమిస్తుంది.

ఇక గుంటూరు బ్రాడీపేటలో నేను చూసిన ఒక ఇంటి కథ. కింద వాటాలో రిటైరైన లెక్చరర్ మాస్టారు, ఆయన భార్య. పై వాటాలో అద్దెకుండే ఒక కుర్రాడు, ఆఫీసులో ఉద్యోగం. కనెక్షన్ మాస్టారిది, నెల డబ్బులో సగం కుర్రాడిస్తాడు. పగలంతా నెట్ దివ్యంగా ఉంటుంది. సాయంత్రం కుర్రాడు ఇంటికొచ్చిన పావుగంటకు కింద టీవీ ఆగుతుంది, పైన అతని లాప్‌టాప్ ఆగుతుంది, కాసేపటికి ఒకటి వస్తుంది, ఇంకోటి పోతుంది. మాస్టారి అనుమానం కుర్రాడు రాగానే సినిమాలు డౌన్‌లోడ్ చేస్తున్నాడని. కుర్రాడి అనుమానం ‘అంకుల్ పాస్‌వర్డ్ వీధిలో అందరికీ ఇచ్చేశారు’ అని. మాటలు తగ్గిపోయాయి. అద్దె పెంచుతానని మాస్టారు, ఖాళీ చేస్తానని కుర్రాడు అనేదాకా వెళ్లింది.

నేను వెళ్లిన సాయంత్రం మాస్టారి ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి 192.168.1.1 అని కొట్టాను. రౌటర్ సెట్టింగుల పేజీ వచ్చే అంకె అది. కంపెనీ వాళ్ల నీలం రంగు పేజీ తెరుచుకుంది. కాసేపాగి వైఫై ఆపి, వేసి, మళ్లీ కొడితే అదే అంకెకు ఇంకో కంపెనీ పేరున్న వేరే పేజీ వచ్చింది. మాస్టారి డబ్బా అది కాదు. ‘బాబూ, ఇదేంటిది?’ అని ఆయన మేడ మెట్ల వైపు చూశారు. కుర్రాడు దిగొచ్చి, ‘అది నా పాత రౌటర్ అంకుల్, పైన సిగ్నల్ రావట్లేదని కింద డబ్బా నుంచి కేబుల్ లాక్కుని పెట్టుకున్నా’ అన్నాడు. ఆఫీసుకు వెళ్తూ బోర్డు స్విచ్చి ఆపేసి పోతాడు. తిరిగొచ్చాక వేస్తాడు. పగలు సుఖంగా ఉండడానికి, సాయంత్రం తగువుకు అదే కారణం.

జరిగింది ఇదీ. ప్రపంచంలో పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు మొత్తం సుమారు 430 కోట్లే. ఇంటింటి ఫోనుకూ టీవీకీ అవి చాలవు. అందుకని ఇళ్ల లోపల ఎవరికివారు వాడుకునేందుకు కొన్ని వరసలను వేరుగా ఉంచారు. 192.168 తో మొదలయ్యేవి అవే. ఇంటికి బయటివైపు ఒకే అడ్రసు, లోపల ఎవరికి ఏ అడ్రసు అన్నది రౌటర్ పంచుతుంది. ఆ పంచే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఒకే నెట్‌వర్క్‌లో పంచేవాడు ఒక్కడే ఉండాలి. ఇక్కడ ఇద్దరయ్యారు. కుర్రాడి రౌటర్‌లో కేబుల్ పెట్టాల్సిన వ్యాన్ అనే పోర్టులో కాకుండా లాన్ పోర్టులో పెట్టాడు. దాంతో రెండు డబ్బాలూ ఒకే నెట్‌వర్క్‌లో కలిసిపోయాయి. పైగా రెండింటి అడ్రసూ 192.168.1.1 నే. ఏ ఫోన్ అడిగినా ఎవరు ముందు జవాబిస్తే వాళ్లదే రాజ్యం. పాత రౌటర్‌ను నమ్ముకున్న ఫోన్‌కు బయటికి దారి లేదు, ఆ రౌటర్‌కు ఇంటర్నెట్ లేనేలేదు కనుక. ఒకే అడ్రసు రెండు ఫోన్లకు ఇచ్చిన సందర్భాలూ ఉండే ఉంటాయి.

మాస్టారి డబ్బా స్విచ్చి ఆపి వేసినప్పుడల్లా కాసేపు బాగయ్యేది, ఎందుకంటే ఫోన్లన్నీ మళ్లీ అడ్రసు అడుక్కునేవి, అదృష్టం బాగుంటే సరైనవాడే ముందు పలికేవాడు. ఆ కాసేపు బాగవడం వల్లే ఎవరూ లోతుకు వెళ్లలేదు.

బాగుచేయడానికి పట్టింది తక్కువ. కేబుల్ తీసి, పాత రౌటర్‌ను ఒక్కదాన్నే లాప్‌టాప్‌కు కలిపి, దాని అడ్రస్‌ను 192.168.1.2 గా మార్చాం. డీహెచ్‌సీపీని ఆపేశాం. మళ్లీ అదే లాన్ పోర్టులో కేబుల్ పెట్టాం. అప్పట్నుంచి అది రౌటర్ పని మానేసి, మేడ మీద వైఫై పంచే పని మాత్రం చేస్తోంది. కొన్ని రౌటర్లలో యాక్సెస్ పాయింట్ అని ఒక మీట ఉంటుంది, అది నొక్కితే ఇవన్నీ అదే చేసుకుంటుంది. ఆ రాత్రి నుంచి మేడ మీద స్లాబు సమస్య కూడా తీరింది. కుర్రాడు పెట్టిన ఆలోచన మంచిదే, పోర్టు దగ్గరే తేడా వచ్చింది. కుర్రాడు మాత్రం పాస్‌వర్డ్ అందరికీ ఇచ్చారన్న తన మాటను ఇంకా వదల్లేదు.

ఆ మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. మన దగ్గర వైఫై పాస్‌వర్డ్ అడిగితే లేదనడం మర్యాద కాదు. చుట్టాలు వస్తారు, ట్యూషన్ పిల్లలు వస్తారు, ఏసీ మెకానిక్ కూడా అడుగుతాడు. రౌటర్ పేజీలో కనెక్టయి ఉన్న పరికరాల పట్టీ ఉంటుంది. చూస్తే సగం పేర్లు తెలియనివే ఉంటాయి. వచ్చేపోయేవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ అని వేరే పేరుతో పెట్టి ఇవ్వండి, ఇంటి పాస్‌వర్డ్ ఇంట్లోనే ఉంటుంది. మీ కనెక్షన్ మీద ఎవరు ఏం చేసినా రికార్డులో ముందు కనిపించేది మీ పేరే. వాటాల్లో ఉండేవాళ్లతో పంచుకునేటప్పుడు ఇది మనసులో పెట్టుకోండి, కంపెనీ షరతుల్లో పంచుకోవడం గురించి ఏం రాసుందో కూడా చూడండి.

ఒక్క ఫోన్‌కే రావట్లేదన్న కేసులు కొన్ని. వైఫై పేరును ఫోన్‌లో మరిచిపొమ్మని చెప్పి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టి చూడండి. లాప్‌టాప్ అడ్రసు 169.254 తో మొదలైతే దానికి రౌటర్ అడ్రసు ఇవ్వలేదన్నమాట. వాట్సాప్ వస్తుంది, వెబ్‌సైట్లు తెరుచుకోవంటే డీఎన్‌ఎస్ పని చేయకపోయి ఉండొచ్చు. వెబ్‌సైటు పేరుకు అంకె వెతికిపెట్టేది అదే. దాని స్థానంలో 8.8.8.8 అనో 1.1.1.1 అనో పెట్టి చూడొచ్చు. చాలాకాలం బీరువాలో పడుకుని లేచిన పాత ట్యాబ్‌లో ఏ సైటూ రాకపోతే, దాని తేదీ చూడండి. బ్యాటరీ అడుగంటి తేదీ వెనక్కి పోయి ఉంటుంది, భద్రమైన సైట్లను వేటినీ అది నమ్మదు, తెరవదు.

చివరగా, రౌటర్ వెనక సూది మోపేంత రంధ్రం ఉంటుంది, పక్కనే రీసెట్ అని రాసి ఉంటుంది. ఆపి వేయడానికీ దీనికీ చుట్టరికం లేదు. సేఫ్టీ పిన్నుతో దాన్ని పది సెకన్లు నొక్కితే మీ వైఫై పేరు, పాస్‌వర్డ్ మాత్రమే కాదు, చాలా డబ్బాల్లో కంపెనీ వాళ్లు వేసిన యూజర్ నేమ్, లైను సెట్టింగులు కూడా ఊడ్చుకుపోతాయి. లైన్‌మన్ వచ్చేదాకా అది అలంకారమే. శనివారం సాయంత్రం నొక్కితే సోమవారం దాకా.

ఫిర్యాదు చేసేటప్పుడు ‘నెట్ రావట్లేదు’ అని ఊరుకోకండి. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉందనో, వైరు మీద కూడా ఇంతే స్పీడు వస్తోందనో, రోజూ ఈ వేళకే ఆగుతోందనో చెప్పండి. స్క్రిప్టు చూసి చదివే అవతలి మనిషి కూడా ఒక పేజీ ముందుకు తిప్పుతాడు. ఫిర్యాదు నంబరు అడిగి, డబ్బా మీదే ఒక కాగితం అంటించి రాసుకోండి. దాని పక్కనే మీ యూజర్ ఐడీ, రిజిస్టరైన ఫోన్ నంబరు కూడా రాయండి. నెట్ లేని రోజున అవి నెట్‌లో వెతకలేం కదా.